గోలీలు ఇస్తున్నారు, చెప్పేవాళ్లేరీ?

సంపాదకులకు నమస్కారం.

మాది మహారాష్ట్రలోని సిరొంచ తాలూకా. మా కోడలి పుట్టిల్లు గోదావరి అవతల, తెలంగాణలో మంథని వైపు. ఆరో నెలలో పరీక్ష చేస్తే రక్తం 8 పాయింట్లే ఉందన్నారు. గర్భిణికి 11 అయినా ఉండాలి. నెలనెలా రక్తం పట్టడానికి ఇచ్చే ఎర్ర ఐరన్ గోలీలు తెచ్చుకుంటూనే ఉంది కదా అని వెతికితే బియ్యం డబ్బా వెనక షీట్లు దొరికాయి. ఒకదాంట్లో నాలుగు గోలీలు తీసినట్టుంది, మిగతావి ముట్టనేలేదు. "కడుపులో తిప్పుతోంది అత్తమ్మా, దొడ్డికి నల్లగా వస్తోంది. లోపల బిడ్డకేమన్నా అయితదేమోనని భయమైంది" అని ఏడ్చింది.

ఐరన్ గోలీలు వేసుకుంటే మలం నల్లగా రావడం మామూలే. ఆ ఒక్క ముక్క తెలియక మూడు నెలలు పోయాయి. గోలీలతోపాటు ఇచ్చిన కార్డేమో మరాఠీలో ఉంది. తెలుగు బడిలో చదివిన పిల్లకు అది ఎట్లా అర్థమవుతుంది? మా సిరొంచ తాలూకాలో ఇలా ఏరు దాటి వచ్చిన కోడళ్లు ఎంతోమంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మహారాష్ట్ర ఆడవాళ్లలో 54 శాతానికి రక్తహీనత ఉందని తేలింది. ఇది మా ఇంటి గోడు మాత్రమే కాదు.

డాక్టరమ్మ రోజుకు రెండు గోలీలు వేసుకోమంది. ఇప్పుడు అన్నం తిన్నాక నేనే ఇస్తున్నా, మీద ఇంత నిమ్మరసం. గంట అటూ ఇటూ ఛాయ్ ముట్టనివ్వను, ఛాయ్ తాగితే ఐరన్ ఒంటికి పట్టదట. కాల్షియం గోలీ కూడా దాంతో కలిపి మింగొద్దని అప్పుడే తెలిసింది. ఇదివరకు రెండూ ఒక్కసారే మింగేది, అదీ పొద్దున ఛాయ్‌తో!

మా గడ్చిరోలి జిల్లాలో సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు కూడా ఉంది. అది తల్లిదండ్రుల నుంచి వచ్చేది, ఆకుకూరలు తింటే పోయేది కాదు. పైకి జబ్బు లేకున్నా మొగుడూ పెళ్లాలిద్దరి ఒంట్లో దాని వారసత్వ లక్షణం (ట్రెయిట్) ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ మిషన్‌లో 40 ఏళ్ల లోపు వాళ్లకు ఈ జబ్బు పరీక్ష చేస్తున్నారు. కాన్పుకు అవతలి ఒడ్డున పుట్టింటికి పోయే కోడళ్ల చేతికి ఆ ఫలితం కాగితం ఇచ్చి, అందులో ఏముందో విప్పి చెప్పండి.

ఆరోగ్యశాఖ అధికారులను వేడుకునేది ఒక్కటే. గోలీలతోపాటు తెలుగులో ఒక్క పేజీ కాగితం ఇవ్వండి. చదువు రాని వాళ్లకు అంగన్‌వాడీలో నోటితో చెప్పించండి. అప్పుడు అత్తలను కూడా పిలవండి, గోలీ వేసుకుందా లేదా అని ఇంట్లో చూడాల్సింది మేమే.

— ఒక పాఠకురాలు, సిరొంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా