మన పల్లె అభివృద్ధి సంఘం – వార్షిక నివేదిక

అధ్యక్షులకు, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన పెద్దలకు, అక్కచెల్లెళ్లకు నమస్కారములు. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక నేరుగా పనుల్లోకి వస్తున్నాను.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోదగిన పని, సంక్రాంతి సెలవుల్లో బడి పిల్లలతో జరిపిన ఒక రోజు యాత్ర. ఏర్పేడు మండలంలో పుట్టిన మన పిల్లలు గుడిమల్లం పరశురామేశ్వరుడికి దండం పెట్టి వచ్చినవారే గాని, ఆ లింగాన్ని నిదానంగా చూసినవారు తక్కువ. సుమారు ఐదడుగుల లింగం ముందుభాగాన, మరుగుజ్జు యక్షుడి భుజాలపై నిలిచి, కుడిచేత పొట్టేలును వెనుక కాళ్లు పట్టి వేలాడదీసి, ఎడమచేత చిన్న పాత్రతో, భుజాన గండ్రగొడ్డలితో ఉన్న శివుణ్ణి అర్చకస్వామి అంగాంగం వివరించారు. పరిశోధకులు అనేకులు ఇది క్రీస్తుకు పూర్వపు శిల్పమని భావిస్తారని, ఆలయం 1954 నుంచి కేంద్ర పురావస్తు శాఖ సంరక్షణలో ఉందని తెలిసి, పెద్దలమూ కొంత సిగ్గుపడ్డాము. తరువాత పాపానాయుడుపేటలో, కరిగిన గాజును సన్నని గొట్టంగా సాగదీసి పూసలుగా తరిగే కొలిమి దగ్గర నుంచి పిల్లలను కదిలించడం కష్టమైంది. శ్రీకాళహస్తిలో ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో ఊరబెట్టిన నల్లరంగుతో గుడ్డపై వెదురు కలంతో కలంకారీ గీతలు గీయడం చూశాక చీకటి పడింది.

ఆటోలు కిరాయి లేకుండా తోలిన తమ్ముళ్లకు, తెల్లవారుజామునే పులిహోర కలిపిన మహిళా సంఘం వారికి, పిల్లలను ఒక్కరిని కూడా తప్పిపోనివ్వని ప్రధానోపాధ్యాయులకు, అర్చకస్వామికి, పూసల పనివారికి, కలంకారీ కళాకారులకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

జమాఖర్చుల పుస్తకం కోశాధికారి వద్ద ఉన్నది, చూడదలచినవారు చూడవచ్చు. నిల్వ స్వల్పమే, అప్పు లేదు.

స్వర్ణముఖి ఒడ్డున ముళ్లకంపలు తీసే రోజున మాత్రం, వాట్సాప్‌లో "వస్తున్నాం" అని బొటనవేలు చూపినవారిలో నలుగురే పారతో వచ్చారు. మిగతావారి పేర్లు ఇక్కడ రాయడం లేదు, వారికే తెలుసు. పెద్దరోడ్డు మలుపులో దారి చూపే బోర్డు పెట్టమని సంబంధిత కార్యాలయానికి మూడు అర్జీలు ఇచ్చినా, "పరిశీలనలో ఉన్నది" అన్న మాట తప్ప మనిషి రాలేదు. అందుచేత రేకు, రంగు మనమే కొని బోర్డు రాయించి నిలబెట్టుకునేందుకు ఈ సమావేశం అనుమతించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి