మావా, స్టీల్‌హెడ్ చేప పట్టడానికి ఏ గాలం రీలు కొనాలంటే

ఒరేయ్ మావా,

నీ మెసేజ్ చూశాను, ఒకదాని కింద ఒకటి నువ్వు పంపిన ఆ స్క్రీన్‌షాట్లన్నీ కూడా చూశాను. అన్ని గాలం రీళ్లు (రాడ్డుకి తగిలించి లైను చుట్టుకునేవి) పంపించి "వీటిలో ఏది తీసుకోమంటావ్" అని ఒక్క ముక్క అడిగితే వాయిస్ నోట్‌లో తేలే యవ్వారం కాదురా ఇది, అందుకే తీరిగ్గా రాస్తున్నా, టీ పెట్టుకుని చదువు. ముందే చెప్పేస్తున్నా, నువ్వు పంపిన ఆ 230 డాలర్ల షిమానో స్ట్రాడిక్ నీకు ఇప్పుడే వద్దు, ఆ 28 డాలర్లది అసలే వద్దు. 60 నుంచి 110 లోపల నీకు కావాల్సింది శుభ్రంగా దొరుకుద్ది, మిగిలిన డబ్బులు వేడర్స్ మీద పెట్టు (నీళ్లలోకి దిగేటప్పుడు తడవకుండా వేసుకునే ప్యాంట్లు), జనవరి నెలలో ఆ నదుల్లో మోకాళ్ల దాకా దిగి నిలబడితే నేనెందుకు చెప్పానో నీకే తెలుస్తుంది.

ముందు చేప సంగతి చెప్తా, ఎందుకంటే చేప తెలిస్తే రీలు సగం తెలిసినట్టే. నువ్వు మీ ఇంటి దగ్గర చెరువులో పిల్లల్ని తీసుకెళ్లి పట్టే ట్రౌట్ ఉంది చూడు, జాతికి స్టీల్‌హెడ్ కూడా అదే, రెయిన్‌బో ట్రౌటే. కాకపోతే ఇది నదిలో పుట్టి, సముద్రంలోకి పోయి, అక్కడ రెండు మూడేళ్లు తెగమేసి, గుడ్లు పెట్టడానికి మళ్లీ నదికి ఎదురెక్కి వస్తుంది. మన పులస కూడా అంతే కదా, వరద గోదారి ఎర్రనీళ్లకి సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వస్తుంది, అది వలకి పడుద్ది, దీన్ని గాలంతో పట్టాలి. పసిఫిక్ సాల్మన్ లాగా గుడ్లు పెట్టగానే చచ్చిపోవాలని కూడా లేదు, కొన్ని తిరిగి సముద్రంలోకి పోయి ఇంకోసారి కూడా వస్తాయి. మీ ఒరెగాన్ వైపు విల్సన్, నెహేలం, శాండీ, క్లాకమస్ నదులు, వీటన్నిట్లో చలికాలం రన్ (అంటే చేపలు ఎదురెక్కి వచ్చే సీజన్) డిసెంబర్ నుంచి మార్చి దాకా బాగుంటుంది. బరువు మామూలుగా 6 నుంచి 12 పౌండ్లు, అప్పుడప్పుడు 15 దాటినవి కూడా తగుల్తాయి. చెరువు ట్రౌట్ ఒక పౌండు ఉంటేనే మనం ఫోటో తీసుకుంటాం, అర్థమైందా తేడా!

పైగా ఇది తగిలేది పారే నీళ్లలో. గాలం గుచ్చుకున్న మరుక్షణం అది ఏటవాలుగా ప్రవాహంలోకి తిరుగుద్ది, దాని బలానికి నది బలం కూడా తోడవుతుంది, రీలు కీచుమని అరుస్తూ లైను పోతానే ఉంటుంది, మధ్యలో ఒక్కసారి నీళ్లలోంచి మనిషి ఎత్తు పైకి లేస్తుంది. అసలు సినిమా ఆ మొదటి పది సెకన్లే. ఆ టైంలో నువ్వు చేసేది పెద్దగా ఏం ఉండదు, రాడ్డు పైకెత్తి పట్టుకోవడం తప్ప, మిగతా పనంతా డ్రాగ్‌ది, అంటే చేప లాగినప్పుడు లైనుని బిగువు తగ్గకుండా వదిలే రీలులోని బ్రేకుది. అది ఒకే తీరుగా నున్నగా లైను వదుల్తూ పోవాలి. పట్టి పట్టి వదిలిందంటే, అంటే ఒక క్షణం బిగుసుకుని తర్వాత గబుక్కున జారిందంటే, ఆ బిగుసుకున్న క్షణంలోనే టప్‌మని లీడర్ (లైను చివర గాలానికి కట్టే సన్నటి ముక్క) తెగిపోద్ది. అందుకే నన్నడిగితే తక్కువ బడ్జెట్‌లో రీలు కొనేవాడు చూడాల్సింది మొదట డ్రాగ్, తర్వాత లైన్ రోలర్ (దాని సంగతి కింద చెప్తా), మిగతావన్నీ ఆ తర్వాతే.

డబ్బా మీద "మాక్స్ డ్రాగ్ 20 పౌండ్లు" అని పెద్దక్షరాలతో వేస్తారు చూడు, దానికి పడిపోకు. లెక్క ఏంటంటే, నీ లైన్లన్నిట్లో బలహీనమైనది ఎంతకి తెగుతుందో అందులో మూడో వంతో నాలుగో వంతో డ్రాగ్ పెట్టుకోవాలి. నువ్వు వాడేది 10 పౌండ్ల లీడర్ అనుకో, అంటే రెండున్నర, మహా అయితే మూడు పౌండ్లు, అంతే! 20 పౌండ్లకి బిగిస్తే రీలు తట్టుకున్నా లీడర్ తట్టుకోదు కదా, మరి ఆ నంబర్ చూసి మనమేం చేసుకుంటాం. మనకి కావాల్సింది ఆ మూడు పౌండ్ల దగ్గర అది ఎంత నున్నగా జారుతుందన్నది, అదేమో డబ్బా మీద ఎవడూ వెయ్యడు. ఇంట్లోనే చూసుకోవచ్చు, లీటరున్నర బాటిల్‌లో లీటరుంబావు నీళ్లు పోసి (అది రమారమి 2.75 పౌండ్లు), లైను చివరని బాటిల్ మెడకి గట్టిగా కట్టి, రీలుని చేత్తో పైకెత్తి పట్టుకుని, డ్రాగ్ బిగించే నాబ్ కొంచెం కొంచెం వదులు చేస్తూ పో. బాటిల్ మెల్లగా ఒకే వేగంతో కిందకి దిగిందా, డ్రాగ్ మంచిది, సెట్టింగ్ కూడా అయిపోయినట్టే. దిగి, ఆగి, మళ్లీ ధబ్బున జారిందా, ఆ రీలు తీసుకెళ్లి రిటర్న్ ఇచ్చెయ్. కింద మెత్తగా ఏదైనా వేసుకో, టైల్స్ మీద పడితే మా చెల్లెమ్మ నన్ను తిడుద్ది.

బేరింగుల గోల ఇంకోటి. మా టీమ్‌లో ఒకతను ఆన్‌లైన్‌లో 13 బేరింగులు అని చూసి చాలా చవగ్గా ఒకటి కొన్నాడు, పేరెందుకులే, ఇంట్లో తిప్పితే భలే తేలిగ్గా తిరిగింది. తెల్లారుజామున నది దగ్గర గడ్డకట్టే చలిలో చేప తగిలి రాడ్డు లాగేసరికి హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరిగిపోయింది, వేళ్ల మీద ఠపఠపా కొట్టింది, చేపేమో వెళ్లిపోయింది. జరిగిందేంటంటే, హ్యాండిల్ వెనక్కి తిరక్కుండా లోపల ఒక వన్‌వే క్లచ్ ఉంటుంది, సన్నటి రోలర్లు ఉంటాయి అందులో, దాంట్లో గ్రీజు ఎక్కువ పట్టించేస్తే చలికి అది చిక్కబడి రోలర్లు పట్టుకోవు. బేరింగులు ఎన్నున్నాయన్నది కాదు, ఎక్కడున్నాయి, ఎలాంటివన్నది ముఖ్యం. షిమానో కంపెనీ సెడోనాలో 3+1 (మూడు బాల్ బేరింగులు, ఒక రోలర్ బేరింగు) ఉంటాయి, దానికన్నా తక్కువ రేటుకి వచ్చే ఒకుమా సేమార్‌లో 7+1 ఉంటాయి, మరి సెడోనా ఏమన్నా తక్కువా అంటే కాదు, నా చేతికైతే సెడోనానే గట్టిగా అనిపిస్తుంది.

సైజు దగ్గర చాలామంది గందరగోళ పడతారు. షిమానో అయితే 3000 తీసుకో, కళ్లు మూసుకుని. వాళ్ల 2500, సీ3000 (అంటే చిన్న బాడీ 3000, నేను చెప్పేది అదే) ఒకే బాడీ, లైను చుట్టుకునే స్పూల్ మాత్రం లోతు తేడా, 4000 నుంచి బాడీ పెద్దదైపోతుంది. 3000లో 20 పౌండ్ల బ్రెయిడ్ (పోగులు అల్లిన లైను) దాదాపు 150 గజాలు పడుతుంది, మీ నదులకి అది చాలు, చేప అంతకంటే దూరం పోయిందంటే నువ్వు గట్టు మీద దాని వెనకాలే పరిగెత్తాలి, ఇంకో వంద గజాల లైనున్నా లాభం లేదు. కౌలిట్జ్ లాంటి పెద్ద నదిలో బెండు కట్టి దూరంగా విసిరేవాళ్లు 4000 వాడతారు, అది వేరే కథ. డైవా వాళ్ల నంబర్లతో పోల్చకు, వాళ్లు 2018లో ఎల్‌టీ (లైట్ అండ్ టఫ్) అని తెచ్చి సైజులు మార్చారు, బీజీవి మాత్రం పాత నంబర్లే, అందుకే నువ్వు పంపిన వాటిలో డైవా బీజీ 3000 చూస్తే సెడోనా కంటే వంద గ్రాములు ఎక్కువ బరువుంది. బీజీ మంచి రీలే, ఉక్కులాంటిది, సముద్రం మీద బోటులో అయితే నేనూ అదే తీసుకుంటా, గానీ పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా నిలబడి స్పూన్లు (చెంచా ఆకారంలో ఉండే ఎరలు) విసరాలంటే ఆ వంద గ్రాములు మధ్యాహ్నానికి మణికట్టులో తెలుస్తాయి. పావు కిలోకి అటూ ఇటూగా ఉన్నది చూస్కో, మన ఎనిమిదిన్నర, తొమ్మిదడుగుల రాడ్లకి సరిగ్గా తూగుద్ది.

గేర్ రేషియో (హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే రీలు ఎన్నిసార్లు లైను చుడుతుందో అది) గురించి పెద్దగా బుర్ర పెట్టకు, 5 నుంచి 6.2 మధ్య ఏదైనా పర్లేదు. 6.2 అయితే ఒక్క తిప్పుకి 35 అంగుళాలు లాగుతుంది, చేప ఉన్నట్టుండి నీ వైపే దూసుకొస్తే లైను వదులు కాకుండా గబగబా చుట్టుకోడానికి అది పనికొస్తుంది, స్పూన్ మెల్లగా లాగాలంటే నువ్వే మెల్లగా తిప్పుకుంటావ్.

ఇక నువ్వు పంపిన స్క్రీన్‌షాట్లలో ఉన్న రేట్లని బట్టి, నీ బడ్జెట్‌కి నా మాట. 80 లోపల అయితే సెడోనా 3000, ఇంకేం ఆలోచించకు. 110 దాకా పెట్టగలిగితే షిమానో నాస్కీ, దానికి నీళ్లు లోపలికి పోకుండా కొంచెం ఎక్కువ జాగ్రత్త చేశారు, మన దగ్గర నవంబర్ నుంచి మార్చి దాకా వాన ఆగేదెప్పుడు, కాబట్టి ఆ 30 డాలర్లు దండగ కాదు. అసలు డబ్బులే లేవు, ఇంట్లో గొడవైపోద్ది అంటే 50 డాలర్ల ఒకుమా సేమార్ 30 తీసుకో, ఒకట్రెండు సీజన్లు నిక్షేపంగా వస్తుంది. ఫ్లూగర్ ప్రెసిడెంట్ కూడా అడిగావ్ కదా, డ్రాగ్ చాలా బాగుంటుంది, తేలిక కూడా, గానీ నాకెందుకో ఆ బైల్ (లైనుని పట్టి స్పూల్ మీదకి చుట్టే వంపు తీగ) మీద అంత నమ్మకం కుదరదు, చిన్న ట్రౌట్లకైతే హాయిగా వాడుకోవచ్చు. స్ట్రాడిక్ ఎందుకు వద్దన్నానంటే అది బాలేక కాదు, నీ మొదటి సీజన్‌లో రీలు రాళ్ల మీద పడకుండా ఉండదు కాబట్టి.

కొనేటప్పుడు వీలైతే షాపుకెళ్లి చేత్తో పట్టుకుని చూడు. నాబ్ కొంచెమే బిగించి స్పూల్‌ని బొటనవేలితో తిప్పు, ఎక్కడా గీకినట్టు ఉండకూడదు. హ్యాండిల్ వెనక్కి కుదిపి చూడు, ఎంత లూజు ఉందో తెలుస్తుంది. తర్వాత బైల్ చివర లైను తిరిగే ఆ చిన్న రోలర్ ఉంటుంది, దాన్ని గోరుతో తిప్పు, తిరక్కపోతే ఆ రీలు అక్కడే పెట్టెయ్, ఎందుకంటే బరువైన చేప లాగేటప్పుడు లైనంతా దాని మీదే రాసుకుంటుంది, అది తిరక్కపోతే లైను మెలికలు పడుద్ది, పాడైపోద్ది. చలికి వేసుకునే గ్లవ్స్ కూడా పట్టుకెళ్లు, నవ్వుతారేమో అని చూడకు, గ్లవ్స్ వేసుకుని ఆ నాబ్ పట్టుకోగలవా లేదా అన్నది అక్కడే తేల్చుకో.

బ్రెయిడ్ ఎక్కించే ముందు కింద నాలుగు చుట్లు నైలాన్ మోనో (ఒకే పోగు లైను) వెయ్యి, లేపోతే బ్రెయిడ్ మొత్తం స్పూల్ మీద జారి గుండ్రంగా తిరుగుద్ది, నువ్వేమో డ్రాగ్ పాడైందనుకుంటావ్. బ్రెయిడ్ నీళ్లు పట్టుకుంటుంది, గడ్డకట్టే చలి రోజున రాడ్డు గైడ్లలో (లైను దూరి పోయే రింగుల్లో) ఐసు పేరుకుంటుంది, దాన్ని వేళ్లతో విరగ్గొట్టకు, రాడ్డు కొస నదిలో ముంచు, నది నీళ్లు ఐసు కంటే వెచ్చగానే ఉంటాయి, అదే కరిగిపోద్ది. విసిరాక బైల్ చేత్తో మూసెయ్, హ్యాండిల్ తిప్పి మూయకు. స్పిన్నర్ (నీళ్లలో గిర్రున తిరిగే ఎర) వాడితే పైన స్వివెల్ (లైను మెలికపడకుండా తిరిగే చిన్న లింకు) తప్పనిసరి. ఇంటికొచ్చాక డ్రాగ్ వదులు చేసి పెట్టు, రోలర్‌కి ఒక్క చుక్క నూనె, అంతకుమించి సేవలు అక్కర్లేదు.

ఆ, లైసెన్సుతో పాటు సాల్మన్, స్టీల్‌హెడ్‌కి వేరే ట్యాగ్ కూడా తీసుకోవాలి మీ ఒరెగాన్‌లో, మర్చిపోకు. తోక దగ్గర వీపు మీద చిన్న కొవ్వు రెక్క ఉంటుంది, అది కోసేసి ఉంటే హ్యాచరీ (పెంపక కేంద్రం) చేప, అలాంటిదాన్నే ఉంచుకోవచ్చు, రెక్క ఉంటే దాదాపు ఎక్కడైనా వదిలెయ్యాలి, నీళ్లలోంచి బయటికి తియ్యకపోతే ఇంకా మంచిది, ఏ నదిలో ఏ రూలో బయల్దేరే ముందు చూస్కో. మా వాషింగ్టన్ పక్క ప్యూజెట్ సౌండ్ నదుల్లో అడవి స్టీల్‌హెడ్‌ని 2007లోనే ప్రమాదంలో ఉన్న జాబితాలో పెట్టారు, చాలా చోట్ల సీజన్ మూసేస్తుంటారు, అందుకే నేను కౌలిట్జ్ దాకా డ్రైవ్ చేస్తున్నా. డ్రాగ్ నున్నగా ఉండాలనేది ఇందుకు కూడా, తెగిన లీడర్ నోట్లో పెట్టుకుని తిరిగే చేప ఎవరికీ మంచిది కాదు.

మీ ఊళ్లో సేల్స్ టాక్స్ లేదు కదరా, ఇక్కడ మాకు 10 శాతం చిల్లర దాకా పడుద్ది. నువ్వు సెడోనా కొనేటప్పుడు నాకూ ఒకటి తీసుకో, డబ్బులు ఆన్‌లైన్‌లో పంపిస్తా. రాడ్డు మాత్రం కొనకు, నా దగ్గర ఎనిమిదిన్నర అడుగులది ఒకటి ఖాళీగా ఉంది, ఫిబ్రవరిలో క్లాకమస్ వచ్చేటప్పుడు తెస్తా. శనివారం పెట్టకు, జాతర, వీలైతే మంగళవారం సెలవు పెట్టు.

చెల్లెమ్మని అడిగానని చెప్పు, పిల్లలకి ముద్దులు.

నీ మావ