సూడాన్ నుంచి నన్ను ఇల్లు చేర్చిన వారందరికీ కృతజ్ఞతలు

సూడాన్ యుద్ధంలో చిక్కుకుపోయిన నన్ను శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలోని మా ఊరికి క్షేమంగా చేర్చిన వారికి, నా సంగతి తెలియక తల్లడిల్లిన నా ఇంటివారికి ధైర్యం చెప్పి అండగా నిలిచిన వారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఇంటికి వచ్చి పలకరించిన వారికి నోటితో చెప్పుకున్నాను గాని, సాయం చేసినవారిలో చాలామంది దూరాన ఉన్నారు, కొందరి పేర్లైనా నాకు తెలియవు. అందుకే ఈ ఉత్తరం.

నేను వెల్డర్‌ని. ఉద్దానంలో పుట్టినవారికి వలస కొత్త సంగతి కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా కొబ్బరి తోటను నేలమట్టం చేసినప్పుడు నేను సింగపూర్‌లో ఓడలు కట్టే యార్డులో పనిచేస్తున్నాను. కొబ్బరి మొక్క మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, అప్పు మాత్రం అంతకాలం ఆగదు. పర్మిట్ ముగిసి ఇంటికి వచ్చాక సింగపూర్‌లో మళ్లీ పని దొరకలేదు. ఒక ఏజెంటు ద్వారా సూడాన్ రాజధాని ఖార్టూమ్‌కు ఆనుకుని ఉన్న బహ్రీ పట్టణంలో ఒక ఫ్యాక్టరీ మరమ్మతు పనికి వెళ్లాను.

వచ్చిన వారందరూ నన్ను అడుగుతున్నది ఒకటే: "సింగపూరు సూసినావు, సూడాను సూసినావు, రెండూ ఎలగుంటాయి?" ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి సూచిక 2021-22 నివేదికలో సింగపూర్ 12వ స్థానంలో, మన దేశం 132వ స్థానంలో, సూడాన్ 172వ స్థానంలో ఉన్నాయి. సగటు ఆయుర్దాయం సింగపూర్‌లో దాదాపు 83 ఏళ్లు, సూడాన్‌లో 65 చిల్లర. ఈ అంకెలు నిజమే గాని, నాకు అర్థమైన తేడాను నీటితోనే చెప్పగలను. తాగునీటి కోసం, కిడ్నీ జబ్బుల వల్ల, మన ఉద్దానం పడుతున్న బాధ తెలిసినవారికి అది వెంటనే బోధపడుతుంది.

మన జిల్లా విస్తీర్ణంలో ఐదో వంతు కూడా లేని సింగపూర్‌లో చెప్పుకోదగ్గ నది లేదు. 1962లో చేసుకున్న ఒప్పందం ప్రకారం మలేసియాలోని జొహోర్ నుంచి గొట్టాల ద్వారా నీరు కొనుక్కుంటారు. ఆ ఒప్పందం 2061 వరకే కనుక, వాన నీటిని చెరువులకు మళ్లిస్తారు, వాడిన నీటిని 2003 నుంచి శుద్ధి చేసి మళ్లీ వాడుతున్నారు, సముద్రపు నీటిలోని ఉప్పును తీసేస్తారు. మేముండే డార్మిటరీలో గదికి పన్నెండు మందిమి రెండంతస్తుల మంచాల మీద పడుకునేవాళ్లం, పనికి లారీ వెనుక కూర్చుని వెళ్లేవాళ్లం, 2020లో కోవిడ్ వచ్చినప్పుడు అన్నిటికన్నా ఎక్కువగా వ్యాపించింది అలాంటి డార్మిటరీలలోనే. అంత సంపన్న దేశంలోనూ వలస కూలీ బతుకు వేరుగానే ఉంటుందన్నది దాచవలసిన మాట కాదు. అయినా అక్కడ కుళాయి తిప్పితే వచ్చే నీటిని కాచకుండా తాగాం. నీరు ఆగిపోతుందేమోనన్న ఆలోచన ఎవరికీ రాదు.

సూడాన్‌లో నేనున్న చోట నది నీటికి కరువు లేదు. నీలి నైలు, తెల్ల నైలు కలిసేది ఖార్టూమ్‌లోనే. 1925లో సెన్నార్ ఆనకట్ట కట్టి, గెజీరా మైదానంలో కాలువల కింద లక్షల ఎకరాలు సాగులోకి తెచ్చారు. బంగారం తవ్వుతారు. కూల్‌డ్రింకుల్లో వాడే తుమ్మజిగురు ప్రపంచానికి ఎక్కువగా అక్కడి నుంచే వస్తుంది. ఇన్ని ఉన్న దేశంలో, 2021 అక్టోబరులో కలిసి అధికారాన్ని చేజిక్కించుకున్న సైన్యాధిపతి బుర్హాన్, ఆర్‌ఎస్‌ఎఫ్ అనే పారామిలిటరీ దళాల నాయకుడు దగాలో, 2023 ఏప్రిల్ 15న ఒకరి మీద ఒకరు యుద్ధానికి దిగారు. బహ్రీలోని నీటి శుద్ధి కేంద్రం ఆ రోజే ఆగిపోయింది. మరమ్మతు చేద్దామన్నా సిబ్బంది వెళ్లే దారి లేదు, తుపాకులు ఆ చుట్టుపక్కలే మోగుతున్నాయి. నైలు నది కూతవేటు దూరంలో పారుతుంటే కుళాయిలు ఎండిపోయాయి. పేదరికం అంటే లేకపోవడమేనని అంతవరకూ అనుకున్నాను. ఉన్నదాన్ని ఇంటి దాకా చేర్చే పంపును, ఆ పంపు దగ్గర పనిచేసే మనిషిని కాపాడే ప్రభుత్వం లేకపోవడమే అంతకన్నా పెద్ద పేదరికమని అక్కడ చూశాను.

ఆ రోజుల్లో మమ్మల్ని బతికించింది మా పక్కింటి ముసలమ్మ. అందరూ ఆమెను హాజ్జా అని పిలిచేవారు. అక్కడ చాలా ఇళ్ల ముందు, దారిన పోయేవారి కోసం పెద్ద మట్టి బానల్లో నీళ్లు పెడతారు, మన చలివేంద్రాల మాదిరిగానే. యుద్ధం మొదలయ్యాక ఆమె తన బానను గేటు లోపలికి జరిపించింది గాని మూత మాత్రం వేయలేదు. ఆమె మనవడు గాడిద బండి మీద పీపా కట్టుకుని, కాల్పులు సద్దుమణిగిన వేళ చూసి నది నుంచి నీళ్లు తెచ్చేవాడు. ఆ బురద నీటిని ఆమె నాలుగు మడతలు వేసిన తెల్లని గుడ్డతో వడకట్టి, మట్టి అడుగుకు దిగేదాకా ఉంచి, పైతేట మాత్రం చెంబుతో తీసి మాకు పంపేది. అది రంజాన్ మాసం. నలభై డిగ్రీలు దాటిన ఎండలో తాను ఉపవాసం ఉండి, చుక్క నీరు ముట్టకుండా, మాకు ఉపవాసం లేదని తెలిసి మధ్యాహ్నం పూట మా కోసం జగ్గు నింపి మనవడి చేత పంపేది. సాయంత్రం తన పళ్లెంలోని కిస్రా, అంటే జొన్నపిండిని పులియబెట్టి పలుచగా వేసే రొట్టె, మాకూ పంచేది. ఆ తల్లికి ఈ తెలుగు అక్షరాలు చేరవని తెలుసు. అయినా ఈ కృతజ్ఞతల్లో మొదటివి ఆమెకే చెందుతాయి. ఆ దేశంలో 2023 మే చివరికే పది లక్షల మందికి పైగా ఇళ్లు వదిలి వెళ్లారు. వారిలో ఆమె కూడా ఉందో లేదో నాకు తెలియదు. మన పూజల్లో, ప్రార్థనల్లో ఆ ప్రజలను కూడా తలచుకోవాలని మీ అందరినీ వేడుకుంటున్నాను.

సింగపూర్‌లో నాతో పనిచేసిన కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం సోదరులు ఆ చాలీచాలని జీతాల్లోంచి చందాలు వేసుకుని, ఖార్టూమ్‌లో బస్సు ఛార్జీలు చుక్కలనంటుతున్న సమయంలో, తెలిసినవారి ద్వారా నాకు డబ్బు అందేలా చూశారు. ఫోన్ కలిసినప్పుడల్లా ఎవరో ఒకరు పలికారు. ఎర్ర సముద్రపు రేవు పోర్ట్ సూడాన్ దాకా సుమారు 850 కిలోమీటర్ల దారిలో, చెక్‌పోస్టు వచ్చిన ప్రతిసారీ ముందుగా తాను దిగి మా తరఫున మాట్లాడిన సూడానీ డ్రైవరుకు నేను రుణపడి ఉన్నాను.

భారత ప్రభుత్వం ఏప్రిల్ 24న ప్రకటించిన ఆపరేషన్ కావేరి లేకపోతే మేము ఆ రేవులోనే ఉండిపోయేవాళ్లం. మే 5 నాటికే 3,862 మందిని ఆ దేశం దాటించారు. రాయబార కార్యాలయ సిబ్బంది తమ ప్రాణాలకే ముప్పు ఉన్నా జాబితాలు రాస్తూ, బస్సులు సమకూరుస్తూ కనిపించారు. నౌకాదళ యువకులు ఓడ ఎక్కుతున్న పసిబిడ్డలను చేతుల మీద ఎత్తుకున్నారు. సౌదీ అరేబియాలోని జెడ్డాలో భారతీయ పాఠశాలలో మాకు పరుపులు పరిచి, వేడి అన్నం పెట్టిన ప్రవాస భారతీయులకు, ఢిల్లీ నుంచి విశాఖ వరకు ప్రయాణం ఏర్పాటు చేసిన మన రాష్ట్ర ప్రభుత్వ సిబ్బందికి వందనాలు.

ఇక మా ఊరు. డబ్బు పంపలేకపోయిన ఆ కాలంలో మా ఆవిడ కట్టవలసిన వాయిదాను డ్వాక్రా సంఘంలోని అక్కచెల్లెళ్లు తలా కొంత వేసుకుని కట్టారు. ఈ మాట నేను వచ్చేదాకా ఎవరూ బయటకు చెప్పలేదు. కిరాణా కొట్టు బావగారు ఖాతా పుస్తకం తెరవకుండానే బియ్యం, నూనె ఇచ్చారు. అమ్మ మందుల కోసం ఆశా కార్యకర్త పలాస వరకు వెళ్లివచ్చింది. ఈ బాకీలన్నీ తీరుస్తాను. వీధి చివరి కోల్డ్ స్టోరేజీలో పని కుదిరింది, వచ్చే నెల నుంచి వాయిదాలు నేనే కడతాను.

నాకు రావలసిన జీతం బకాయిల గురించి విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. మన మండలాల నుంచి సూడాన్ వెళ్లి తిరిగివచ్చిన సోదరులు ఎవరైనా అలాగే రాయదలిస్తే, పాస్‌పోర్టు, ఒప్పంద పత్రం, జీతం అందినట్టు ఉన్న రసీదులు ఏవైనా ఉంటే పట్టుకుని ఆదివారం ఉదయం మా ఊరి రామమందిరానికి రండి, దరఖాస్తు కలిసి నింపుదాం. కొత్తగా విదేశానికి బయలుదేరేవారు ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నమోదై ఉందో లేదో ముందుగా చూసుకోండి. పదో తరగతి పాసు కాని వారికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి విదేశం వెళ్లేందుకు మన ప్రభుత్వ అనుమతి, తప్పనిసరి అయిన 18 దేశాల్లో సూడాన్ కూడా ఒకటి. అది లేకుండా పంపుతామని ఎవరు చెప్పినా డబ్బు కట్టకండి.