ఎంఎం పెరిగితే బలం పెరిగినట్టేనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో ఎన్‌కౌంటర్ వార్తల చివర ఒక జాబితా వస్తుంది. రైఫిళ్లలో ఏకే-47 ఇన్ని, ఇన్సాస్ ఇన్ని, ఎస్ఎల్ఆర్ ఇన్ని, 303 ఇన్ని, బీజీఎల్ (బ్యారెల్ గ్రెనేడ్ లాంచర్) షెల్స్ ఇన్ని దొరికాయని. వార్త సంగతి ఎలా ఉన్నా నా కళ్లు ముందు ఆ జాబితా మీదికే పోతాయి. నేను పదాతిదళంలో పనిచేసి, సర్వీసు చివర్లో కోత్‌లో, అంటే యూనిట్ ఆయుధాలు భద్రపరిచే గదిలో, లెక్కలు రాసినవాణ్ణి. ఆ అలవాటు ఇంకా పోలేదు. మొన్నీమధ్య ఆదివారం అనుబంధంలో సైన్యం ఆయుధాల మీద మీరొక పేజీ వేశారు. బొమ్మలు బాగున్నాయి. పక్కన పట్టికలో 5.56 ఎంఎం, 7.62 ఎంఎం, 40 ఎంఎం అని వరసగా పేర్చి, అంకె పెరిగేకొద్దీ శక్తి పెరుగుతుందని కింద రాశారు. ఆ ఒక్క వాక్యం మీదే ఈ ఉత్తరం.

ఎంఎం చెప్పేది గొట్టం లోపలి వెడల్పు, సుమారుగా గుండు లావు. అది ఎంత వేగంగా పోతుందో, ఎంత దూరం పోతుందో, తగిలినచోట ఏమవుతుందో ఆ అంకెలో ఉండదు. అంకెను బట్టే అయితే పోలీసు స్టేషన్లలో తరాల తరబడి ఉన్న 303 రైఫిల్ అన్నిటికీ తాత కావాలి! దాని ముందు ఒక చుక్క ఉంటుందని చాలామంది మర్చిపోతారు. అంగుళంలో .303 వంతు, మిల్లీమీటర్లలో చెప్తే 7.7.

7.62 సంగతి చూడండి. ఎస్ఎల్ఆర్ రౌండూ 7.62, ఏకే రౌండూ 7.62. కానీ ఎస్ఎల్ఆర్ ఖోకా పొడవు 51 మిల్లీమీటర్లు, ఏకేది 39. ఖోకా అంటే గుండు పోయాక మిగిలే గుల్ల. గుండూ, మందూ, ఖోకా అన్నీ కలిపితే రౌండు. ఫైరింగ్ రేంజిలో ఎన్ని రౌండ్లు పేలిస్తే అన్ని ఖోకాలూ ఏరి అప్పజెప్పాలి. ఒక్కటి తగ్గినా కంపెనీ మొత్తం గడ్డిలో వెతుక్కోవాల్సిందే, భోజనం ఆ తర్వాతే. ఆ పొడవులో తేడా 12 మిల్లీమీటర్లేగా అనుకోకండి, మందు పట్టేది అక్కడే. ఎస్ఎల్ఆర్ గుండు తొమ్మిదిన్నర గ్రాములు, గొట్టం దాటేటప్పుడు వేగం సెకనుకు 840 మీటర్లు. ఏకే గుండు 8 గ్రాములు, వేగం 715. లెక్క కడితే మొదటిదాని శక్తి 3,300 జౌల్స్, రెండోదానిది 2,000. ఎంఎం ఒక్కటే, బలం మాత్రం మూడింట రెండొంతులు కూడా లేదు. మీ పట్టికలో అన్నిటికంటే కింద ఉన్న 5.56 ఎంఎం ఇన్సాస్ గుండు బరువు 4 గ్రాములే, అయినా 900 మీటర్ల వేగంతో పోతుంది కాబట్టి 1,600 జౌల్స్ దాటుతుంది. ఏకే పెద్ద ఎత్తులో ఏమీ లేదు.

ఇక 40 ఎంఎం. రైఫిల్ కింద బిగించే లాంచర్లలో వాడే గ్రెనేడులో ఎగిరిపోయే భాగం సుమారు 175 గ్రాములు, వేగం సెకనుకు 76 మీటర్లు. అంటే దాదాపు 500 జౌల్స్. ఇన్సాస్ గుండు శక్తిలో మూడో వంతు కూడా లేదు! వెలుతురు బాగుంటే, లాంచర్ వెనక నిలబడితే అది గాల్లో పోతుండగా కంటికి కనిపిస్తుంది. మూడొందల మీటర్లు పోవడానికి రైఫిల్ గుండుకు అర సెకను చాలు, కాస్త అటూఇటూగా. దీనికి నాలుగైదు సెకన్లు పడుతుంది, అదీ పైకి లేచి, వంపు తిరిగి, కిందికి దిగుతూ.

ఇంత నిదానంగా పోయేదాన్ని మోయడం ఎందుకంటే, దాని బలం వేగంలో లేదు, కడుపులో ఉంది. లోపల 30 గ్రాముల పైచిలుకు పేలుడు పదార్థం ఉంటుంది. దాని శక్తి లక్ష జౌల్స్ పైమాటే. రైఫిల్ గుండు దూరం పోయేకొద్దీ వేగం తగ్గి నీరసపడుతుంది. గ్రెనేడు 50 మీటర్ల దగ్గర పడ్డా, 350 దగ్గర పడ్డా ఒకేలా పేలుతుంది. పైగా రైఫిల్ గుండు సూటిగా పోతుంది కాబట్టి మట్టిగట్టు వెనక దాక్కున్నవాణ్ణి ఏమీ చేయలేదు. గ్రెనేడు గట్టు దాటి అవతల దిగుతుంది. ఇవి రెండూ రెండు వేరే పనులకు పుట్టినవి. ఒకే పట్టికలో ఒకే కొలతతో నిలబెడితే పాఠకుడికి ఏం అర్థమవుతుంది?

మా ఊళ్లో అగ్నివీర్ పరీక్షకు తయారయ్యే కుర్రాళ్లు ఒక మంచి ప్రశ్న అడుగుతారు. ఇంకాస్త వేగంగా పంపొచ్చు కదా తాతా అని. అడ్డం వచ్చేది మన భుజమే. వెనక్కి తన్నే తన్ను బరువును వేగంతో హెచ్చిస్తే వస్తుంది. 175 గ్రాములను 76 మీటర్ల వేగంతో పంపినా ఆ తన్ను ఎస్ఎల్ఆర్ కంటే ఎక్కువే. రైఫిల్ వేగంతో పంపితే కాల్చినవాడు నిలబడడు.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చిన తెలివి ఆ 40 ఎంఎం గుల్ల అడుగున ఉంది. రైఫిల్ ఛాంబర్లో, అంటే రౌండు కూర్చునే చోట, మందు అంటుకోగానే పీడనం 50,000 పీఎస్ఐ దాటుతుంది. కారు టైరులో 30 చిల్లర ఉంటుంది, దాంతో పోల్చుకోండి. అందుకే ఛాంబరూ గొట్టమూ దళసరి ఉక్కుతో చేస్తారు. 40 ఎంఎం గొట్టానికి అంత ఉక్కు వాడితే రైఫిల్ కింద వేలాడదీయలేం. పోనీ మందు తగ్గిద్దామంటే పీడనం చాలక అది సరిగా మండదు, ఒక రౌండు దగ్గర, ఒకటి దూరం పడతాయి. దీనికి జర్మన్లు రెండో ప్రపంచ యుద్ధం చివర్లో ఒక దారి కనిపెట్టారు, 8 సెంటీమీటర్ల యాంటీ ట్యాంక్ ఫిరంగి కోసం. అమెరికా వాళ్లు దాన్నే చిన్నది చేసి 1960ల మొదట్లో ఎం79 లాంచర్ రౌండులో పెట్టారు. గుల్ల అడుగున ఒక చిన్న గట్టి గది ఉంటుంది. మందు అందులోనే 35,000 పీఎస్ఐ దగ్గర చక్కగా మండుతుంది. ఆ గ్యాసు చిన్న రంధ్రాల్లోంచి పక్కనున్న పెద్ద ఖాళీలోకి వచ్చేసరికి 3,000కి దిగిపోతుంది. గ్రెనేడును నెట్టేది ఆ 3,000 మాత్రమే. అందుకే ఎం79 గొట్టం అల్యూమినియంతో చేసినా సరిపోయింది. రైఫిల్ రౌండులో ఇలాంటి రెండు గదుల ఏర్పాటు ఉండదు, దానికి అవసరమూ లేదు.

బరువు గురించి మీ పేజీలో ఒక్క ముక్కా లేదు. మోసినవాడికి ముందు గుర్తొచ్చేది అదే. ఇన్సాస్ రౌండు 12 గ్రాములు, ఎస్ఎల్ఆర్ రౌండు 24 గ్రాములు. ఒక 40 ఎంఎం గ్రెనేడు 230 గ్రాములు. అంటే ఒక్క గ్రెనేడు జేబులో వేసుకుంటే దాదాపు ఒక ఇన్సాస్ మ్యాగజైన్‌లో పట్టే ఇరవై రౌండ్లు వదులుకున్నట్టు. సెక్షన్‌లో, అంటే పదిమంది జట్టులో, అందరికీ లాంచర్ ఎందుకివ్వరో ఈ లెక్కలోనే తెలుస్తుంది.

ప్రపంచం 5.56 వైపు మళ్లడానికీ మూల కారణం ఈ బరువే. నాటో దేశాలు 1954లో 7.62×51ని ప్రామాణికం చేసుకున్నాయి. ఆ రౌండు బరువెక్కువ, పైగా ట్రిగ్గర్ నొక్కినంతసేపూ పేలేలా ఆటోమేటిక్‌లో పెడితే దాన్ని కాల్చే రైఫిల్ భుజం మీద నిలవదు. వియత్నాంలో అమెరికా 5.56కి మారింది, 1980లో నాటో బెల్జియం గుండును ఎంచుకుని మిగతావాళ్లనూ మార్చింది. శత్రువును చంపకుండా గాయపరిస్తే మోయడానికి ఇద్దరు కావాలి, అందుకే చిన్న గుండు చేశారని మీ వ్యాసంలోనూ రాశారు. నా సర్వీసంతా ఈ కథ విన్నాను. ఏ బ్యారక్‌లో పుట్టిందో గానీ అది డిజైన్ చేసినవాళ్ల లెక్క కాదు. అదే బరువుకు రెట్టింపు రౌండ్లు, తక్కువ తన్ను, 300 మీటర్ల లోపు సరిపడే దెబ్బ, ఇవే వాళ్లు చూసుకున్నవి. ఇప్పుడు గాలి మళ్లీ పెద్ద గుండు వైపు తిరిగింది. 2022లో అమెరికా సైన్యం 6.8 ఎంఎం రైఫిల్‌ను ఎంచుకుంది. పీడనం తట్టుకోవడానికి దాని ఖోకాకు అడుగు భాగం ఉక్కుతో, పై భాగం ఇత్తడితో చేశారు. మనం 2019లో 7.62×51 సిగ్ రైఫిళ్లు 72,400 కొన్నాం, అమేథీ దగ్గర కోర్వాలో 7.62×39 ఏకే-203లు చేస్తున్నాం, ఇన్సాస్ ఇంకా చేతుల్లోనే ఉంది. మూడు రకాల రౌండ్లు, అందులో రెండింటి మీద 7.62 అనే ఉంటుంది. నాకు పాత కోత్ గుర్తొచ్చి టెన్షన్ వస్తుంది. అర్ధరాత్రి టార్చి వెలుగులో పెట్టెలు దింపుకునే కుర్రాడికి 51, 39 తేడా కళ్లకు కొట్టొచ్చేలా ఉండాలి.

40 ఎంఎంలోనూ ఇదే తిరకాసు. తిరుచిరాపల్లి ఫ్యాక్టరీ లాంచర్లో వేసే రౌండు ఖోకా 46 మిల్లీమీటర్లు. ట్రైపాడ్ మీద పెట్టి కాల్చే భారీ లాంచర్ల రౌండుది 53, వేగం 240 మీటర్లు, రెండు కిలోమీటర్ల పైన పోతుంది. అది పొరపాటున చేతి లాంచర్లో పట్టకూడదనే పొడవు పెంచారు. రష్యా వాళ్ల 40 ఎంఎంకి ఖోకానే లేదు, మందు గ్రెనేడు వెనక భాగంలోనే ఉంటుంది, గొట్టం మూతి వైపు నుంచి తోస్తారు. ఇంకో ముచ్చట. మన దగ్గర ఏజీఎస్-17 అని, స్టాండు మీద పెట్టి కాల్చే గ్రెనేడ్ లాంచర్ ఉంది. అది 30 ఎంఎం, అయినా 1,700 మీటర్లు కొడుతుంది. రైఫిల్ కింద బిగించే 40 ఎంఎం 400 దాటదు. మీ వాక్యం ప్రకారం ఏది గొప్పది?

చివరగా ఎన్‌కౌంటర్ జాబితాల గురించి. దొరికిన రౌండ్లనూ షెల్స్‌నూ ఒకే అంకెలో కలిపి రాయకండి. కాల్చాక నేల మీద పడున్న రైఫిల్ గుండు ఉత్త లోహం ముక్క. పడి పేలని గ్రెనేడు, మేం బ్లైండ్ అంటాం, ముట్టుకుంటే పేలొచ్చు. ఫ్యాక్టరీ గ్రెనేడుకు కనీసం గొట్టం దాటి సుమారు 14 మీటర్లు తిరుగుతూ పోయాకే ఫ్యూజు సిద్ధమయ్యే ఏర్పాటుంటుంది. అడవిలో సొంతంగా చేసుకునే బీజీఎల్ షెల్స్‌లో ఏముందో ఎవరూ హామీ ఇవ్వలేరు. ఫొటోల్లో వాటిని కూరగాయల్లా పరిచి, పక్కన పిల్లలు నిలబడి చూస్తున్నట్టు వేస్తే, రేపు పశువులు కాసుకునేవాడికి అలాంటిది దొరికినప్పుడు ఇంటికి తెచ్చుకోవాలనిపిస్తుంది. బాంబు స్క్వాడ్ వచ్చేదాకా ముట్టుకోకండి, పోలీసులకు చెప్పండి అని ఫొటో కింద ఒక్క లైను వేస్తే మీకు పోయే చోటు ఎంత?

ఆ పట్టిక మళ్లీ వేసే ఆలోచన ఉంటే నాలుగు గడులు పెట్టండి: రౌండు బరువు, గుండు వేగం, పనిచేసే దూరం, లోపల పేలుడు మందు ఉందా లేదా. ఎంఎం ఐదో గడిలో ఉన్నా నాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
ఒక మాజీ హవల్దార్,
తాడేపల్లిగూడెం దగ్గర, పశ్చిమ గోదావరి జిల్లా
(పేరు వేయవద్దని మనవి)