"మెజారిటీ ప్రకారం" అన్నది సగం నియమమే: మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు,

నమస్కారములు.

నిపుణుల కమిటీలు, ఎంపిక సంఘాలు, విచారణ మండళ్ల కార్యవిధాన నియమావళిని మీ శాఖ సవరించబోతున్న సందర్భంలో ఈ లేఖ రాస్తున్నాను. ఇటువంటి నియమావళుల్లో కోరం ఎంత ఉండాలి, నోటీసు ఎన్ని రోజుల ముందు ఇవ్వాలి, భత్యం ఎవరికి వర్తిస్తుంది అనే విషయాలకు పేజీలకు పేజీలు కేటాయించి, అసలు నిర్ణయం ఎలా తీసుకోవాలన్న సంగతిని మాత్రం "హాజరైన సభ్యుల మెజారిటీ ప్రకారం" అన్న ఒక్క ముక్కతో తేల్చేయడం ఆనవాయితీ. ఆ ముక్క సగం నియమమేనని, మిగతా సగం కాగితం మీద లేకపోతే సమావేశం రోజున అధ్యక్ష స్థానంలో కూర్చున్నవారు దాన్ని తమకు తోచినట్లు పూరిస్తారని మీ దృష్టికి తేవడమే నా ఉద్దేశం.

ఎదుట రెండే ప్రత్యామ్నాయాలు ఉన్నప్పుడు మెజారిటీ పద్ధతిని తప్పుపట్టవలసిన పని లేదు. సభ్యులందరినీ సమానంగా చూస్తూ, ఏ ప్రత్యామ్నాయం వైపూ ముందుగానే మొగ్గకుండా, సమానంగా ఉన్న ఓట్లలో ఒక్కటి మారినా అది మారిన వైపే ఫలితం తిరిగే పద్ధతి సాధారణ మెజారిటీ ఒక్కటేనని 1952లో గణితవేత్త కెన్నెత్ మే నిరూపించాడు. చిక్కంతా మూడో ప్రత్యామ్నాయంతో మొదలవుతుంది. కమిటీల ముందుకు వచ్చే వ్యవహారాల్లో మూడోది ఉండనే ఉంటుంది, కనీసం "వాయిదా" రూపంలోనైనా.

ఒక పాత కట్టడం విషయం ముగ్గురు సభ్యుల ముందుకు వచ్చిందనుకుందాం. మొదటి సభ్యుడికి మరమ్మతు అన్నిటికన్నా ఇష్టం, తర్వాత కొత్త నిర్మాణం, చివరికి వాయిదా. రెండో సభ్యుడి వరుస కొత్త నిర్మాణం, వాయిదా, మరమ్మతు. మూడో సభ్యురాలి వరుస వాయిదా, మరమ్మతు, కొత్త నిర్మాణం. జంటలుగా ఓటింగ్ పెడితే మరమ్మతు కొత్త నిర్మాణం మీద, కొత్త నిర్మాణం వాయిదా మీద, వాయిదా మళ్లీ మరమ్మతు మీద, ప్రతిసారీ ఇద్దరికి ఒకరి తేడాతోనే గెలుస్తాయి. ఒక్కొక్కరి ఆలోచనలో ఏ అసంబద్ధతా లేకపోయినా ముగ్గురినీ కలిపితే మొదలూ తుదీ లేని చక్రం ఏర్పడుతుందన్న ఈ సంగతిని ఫ్రెంచ్ గణితవేత్త కాండోర్సే 1785లోనే రాసిపెట్టాడు. ఇక్కడ అజెండా రాసే అధికారి గమనించదగ్గ విశేషం ఒకటుంది: ముందు రెండింటి మీద ఓటింగ్ పెట్టి, నెగ్గినదాన్ని మూడోదానితో పోటీకి నిలిపితే, చివరగా బరిలోకి దిగినదే ప్రతిసారీ గెలుస్తుంది. అంటే అంశాల వరుస నిర్ణయించే వ్యక్తి ఓటు వేయకుండానే ఫలితాన్ని నిర్ణయిస్తాడు. మినిట్స్‌లో మాత్రం "మెజారిటీ ప్రకారం ఆమోదించడమైనది" అనే ఉంటుంది, ఆ వాక్యంలో అబద్ధమూ ఉండదు.

వరుస తెలిసిన సభ్యులు ఊరుకుంటారా అన్నది గేమ్ థియరీ (ఎదుటివారి ఎత్తుగడను బట్టి ఒక్కొక్కరు ఎలా నిర్ణయం తీసుకుంటారో పరిశీలించే శాస్త్రం) వేసే ప్రశ్న. పై ఉదాహరణలోనే మరమ్మతుకూ కొత్త నిర్మాణానికీ మధ్య ముందు ఓటింగ్ జరిగి, వాయిదా చివరికి వస్తుందని తెలిస్తే, మొదటి సభ్యుడు తన మనసులో ఉన్నట్లే మరమ్మతుకు ఓటు వేయడం వల్ల అతనికి దక్కేది తనకు ఏమాత్రం ఇష్టం లేని వాయిదా. అదే అతను మొదటి దశలో కొత్త నిర్మాణం వైపు చేయి ఎత్తితే, అది ఆ దశలోనూ, వాయిదా మీద జరిగే రెండో దశలోనూ నెగ్గి, అతనికి కనీసం రెండో ఇష్టమైనా మిగులుతుంది. అతన్ని నిందించవలసిన పని లేదు. మూడు లేదా అంతకన్నా ఎక్కువ ప్రత్యామ్నాయాలు ఉండి, వాటిలో ప్రతిదానికీ గెలిచే అవకాశం ఉన్నప్పుడు, ఒకే వ్యక్తి మాట చెల్లే నియంతృత్వ పద్ధతి తప్ప మిగిలిన ప్రతి ఓటింగ్ పద్ధతిలోనూ ఏదో ఒక సందర్భంలో మనసులో లేని ఓటు వేయడమే లాభమవుతుందని అలన్ గిబ్బర్డ్ 1973లోనూ, మార్క్ శాటర్‌త్వైట్ 1975లోనూ విడివిడిగా నిరూపించారు. కాబట్టి "సభ్యులు నిజాయితీగా ఓటు వేయవలెను" అని నియమావళిలో రాయడం వల్ల ప్రయోజనం స్వల్పం.

ఇదంతా గణితవేత్తల ఊహాలోకమని మీ అధికారులు అనవచ్చు. క్రీస్తుశకం 105లో రోమన్ సెనేట్ ముందుకు ఒక వ్యవహారం వచ్చింది. కాన్సల్ (రోమ్‌లో అత్యున్నత పదవి) అఫ్రానియస్ డెక్స్టర్ మరణించి కనిపించాడు. అది హత్యో ఆత్మహత్యో తేలలేదు. ఆయన విముక్త బానిసలను ఏం చేయాలన్నది ప్రశ్న. విడిచిపెట్టాలని కొందరు, దేశబహిష్కరణ విధించాలని కొందరు, మరణశిక్ష వేయాలని కొందరు అన్నారు. విడుదల పక్షాన ఉన్న సెనేటర్ చిన్న ప్లినీ, బహిష్కరణ కోరేవారూ మరణశిక్ష కోరేవారూ ఒకే గుంపుగా నిలబడి లెక్కకు రావడం అన్యాయమని, మూడు అభిప్రాయాలనూ విడివిడిగా లెక్కించాలని పట్టుబట్టాడు. ఆ పట్టుదలలో, మిగతా రెండు వర్గాల ఓట్లు చీలి తన పక్షానికి కలిగే లాభం ఆయనకు తట్టలేదని నేననుకోను. తీరా ఆయన మాట నెగ్గాక, మరణశిక్ష ప్రతిపాదించిన సెనేటర్ తన ప్రతిపాదనను వదులుకుని బహిష్కరణ వైపు చేరిపోయాడు. ఈ వ్యవహారమంతా ప్లినీ ఒక న్యాయకోవిదుడికి రాసిన ఉత్తరంలో ఉంది. లెక్కించే పద్ధతి మీద వాదన శిక్ష మీద వాదన నడుస్తుండగా పుట్టింది కాబట్టే అక్కడ ఎవరి మాటా నిష్పక్షపాతంగా వినిపించదు.

ఇంతకన్నా సూక్ష్మమైన చిక్కు తర్కానికి సంబంధించినది. విచారణ మండళ్ల విషయంలో మీరు దీన్ని ప్రత్యేకంగా పరిశీలించాలని కోరుతున్నాను. ఒక ఉద్యోగిపై చర్య తీసుకోవాలంటే నియమోల్లంఘన జరిగి ఉండాలి, అది ఉద్దేశపూర్వకమై కూడా ఉండాలి అనుకుందాం. ముగ్గురిలో మొదటి సభ్యురాలు రెండూ రుజువయ్యాయని నమ్మి చర్యకు సరేనంటారు. రెండో సభ్యుడు ఉల్లంఘన జరిగిందిగానీ ఉద్దేశం లేదంటారు. మూడో సభ్యుడు ఆ ప్రవర్తన ఉద్దేశపూర్వకమేగానీ అది ఉల్లంఘన కిందికి రాదంటారు. చివరి ఇద్దరూ చర్య వద్దంటారు. ఇప్పుడు అంశాలవారీగా ఓట్లు లెక్కిస్తే ఉల్లంఘన జరిగిందని ఇద్దరు, ఉద్దేశం ఉందని ఇద్దరు. కాబట్టి చర్య తీసుకోవాలి. నేరుగా తుది ప్రశ్న మీద లెక్కిస్తే ఇద్దరు వద్దన్నారు, కాబట్టి తీసుకోకూడదు. అవే ముగ్గురి అవే అభిప్రాయాల నుంచి ఉద్యోగి జీవనాధారం నిలవడానికీ పోవడానికీ రెండు మార్గాలూ తెరిచే ఉన్నాయి. న్యాయస్థానాల సందర్భంలో దీన్ని న్యాయశాస్త్ర పండితులు లూయిస్ కార్న్‌హౌజర్, లారెన్స్ సేగర్ చర్చించగా, పరస్పర సంబంధమున్న అంశాలపై సహేతుకమైన కొన్ని షరతులన్నిటినీ పాటిస్తూ ఎల్లవేళలా పొంతన గల తీర్పునిచ్చే పద్ధతి ఉండదని తత్వవేత్తలు క్రిస్టియన్ లిస్ట్, ఫిలిప్ పెటిట్ 2002లో చూపించారు. నా అభిప్రాయంలో, కారణాలతో కూడిన ఉత్తర్వు ఇవ్వవలసిన మండలి అంశాలవారీగా ఓటు వేయడమే మేలు, ఎందుకంటే ఫలితానికి మెజారిటీ ఉండి, దానికి దారితీసే కారణాల్లో దేనికీ మెజారిటీ లేని ఉత్తర్వు అప్పీలులో నిలవడం కష్టం. వ్యక్తి హక్కులకు భంగం కలిగే చోట తుది ప్రశ్నపై కూడా మెజారిటీ అవసరమని ఎవరైనా అంటే అందులోనూ బలముంది. ఏది ఎంచుకున్నా ఫలానా వ్యక్తి ఫైలు తెరవకముందే ఎంచుకోవాలి.

మాట్లాడే క్రమం గురించి ఒక్క మాట. ఒక్కొక్కరికీ సరైన తీర్పు ఇచ్చే అవకాశం 60 శాతం ఉంటే, ముగ్గురి మెజారిటీ సరైనది కావడానికి 64.8 శాతం, 101 మంది మెజారిటీకి దాదాపు 98 శాతం అవకాశం ఉంటుందన్నది కాండోర్సే సిద్ధాంతం. అయితే ప్రతి సభ్యుడూ స్వతంత్రంగా ఆలోచించినప్పుడే ఈ లెక్క నిలుస్తుంది. అధ్యక్షుడు మొదటే తన మనసులో మాట చెప్పి, మిగిలినవారు తల ఊపిన సభలో ఎంతమంది ఉన్నా ఒక్కరు ఉన్నట్లే. సైనిక న్యాయస్థానాల్లో కనిష్ఠ హోదా సభ్యుడితో అభిప్రాయాలు మొదలుపెట్టే సంప్రదాయం ఈ కారణంగానే పుట్టింది. చర్చకు ముందే ప్రతి సభ్యుడూ తన అభిప్రాయాన్ని రాసి ఇవ్వడం అంతకన్నా సులువు.

లోపం లేని పద్ధతి లేదని 1951లో ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో తేల్చాక ఈ తంటా అంతా దేనికని అడగవచ్చు. మూడు లేదా అంతకన్నా ఎక్కువ ప్రత్యామ్నాయాలను సభ్యుల ప్రాధాన్య క్రమాల ఆధారంగా వరుసలో పెట్టే ఏ పద్ధతీ ఆయన పెట్టిన కొద్దిపాటి షరతులన్నిటినీ ఒకేసారి తీర్చలేదన్నది నిజం. ఏ షరతును వదులుకోవాలో బహిరంగంగా ఎంచుకోవలసిన బాధ్యత ప్రభుత్వానిదే అన్న నిర్ధారణే దాని నుంచి వస్తుంది తప్ప, ఆ ఎంపికను సమావేశ మందిరానికి వదిలేయడానికి అది అనుమతి కాజాలదు.

అందువల్ల సవరించబోయే నియమావళిలో, మూడు లేదా ఎక్కువ ప్రత్యామ్నాయాలు ఉన్నప్పుడు ప్రతి సభ్యుడి పూర్తి ప్రాధాన్య క్రమాన్నీ రాతపూర్వకంగా తీసుకుని, జంటల వారీ ఓట్ల లెక్కను మినిట్స్‌కు జతచేయాలని, చక్రం ఏర్పడితే ఆ సంగతిని దాచకుండా నమోదు చేసి ముందే ప్రకటించిన పద్ధతిలో పరిష్కరించాలని, విచారణ మండళ్లు అంశాలవారీగా ఓటు వేస్తాయో తుది ప్రశ్నపై వేస్తాయో స్పష్టంగా పేర్కొనాలని కోరుతున్నాను. అజెండాలో అంశాల వరుసను నోటీసుతోపాటే ప్రకటించి, ఆ తర్వాత మార్చాలంటే సభ్యులందరి సమ్మతి తప్పనిసరి చేయాలి. వీటిలో దేనికీ అదనపు సిబ్బంది గానీ ఖర్చు గానీ అవసరం లేదు. ముసాయిదాను తుది ఆమోదానికి పంపే ముందు దానిపై ప్రజాభిప్రాయ సేకరణకు గడువు ప్రకటించగలరా అన్న ప్రశ్నకు మీ కార్యాలయం నుంచి లిఖితపూర్వక సమాధానం ఆశిస్తున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక పౌరుడు