చీము కదా అని కల్చర్‌తో సరిపెట్టకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ హెల్త్ పేజీలో ఎముకల ఇన్ఫెక్షన్ మీద రాసింది చదివా, బాగుంది గానీ ఇన్ఫెక్షన్ లాగా కనిపించేది క్యాన్సర్ కూడా కావచ్చన్న అసలు ముక్క వదిలేశారనిపించింది. నేను తెనాలిలో ల్యాబ్ టెక్నీషియన్ని, డాక్టర్ని కాదు, కాకపోతే శాంపిల్ సీసాలన్నీ మా చేతుల మీదుగానే పోతాయి.

పన్నెండేళ్ళ పిల్లాడికి తొడ వాచి, ముట్టుకుంటే వేడిగా ఉండి, జ్వరం కూడా ఉండి, రక్తపరీక్షలో ఈఎస్సార్ (ఒంట్లో వాపుంటే పెరిగేది) పెరిగిందంటే ఎవరైనా ఎముకలో చీము పట్టిందనే అనుకుంటారు, చాలాసార్లు నిజమే కూడా. కానీ ఈవింగ్ సార్కోమా అని అరుదైన ఎముక క్యాన్సర్ ఒకటుంది, ఎక్కువగా 10 నుంచి 20 ఏళ్ళ లోపు వాళ్ళకే వస్తుంది, అదీ అచ్చం ఇలాగే జ్వరంతో సహా రావచ్చు. ఎక్స్‌రేలో ఉల్లిపొరల్లా కనిపిస్తే అదే అంటారు గానీ ఇన్ఫెక్షన్‌లోనూ ఆ పొరలు వస్తాయి. ఇంకా ఘోరం ఏంటంటే కోసినప్పుడు గడ్డలో కుళ్ళిన భాగం కూడా చీములాగే వస్తుంది, దాన్ని సిరంజిలో పట్టి కల్చర్‌కి, అంటే క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్షకి, పంపేసి పని అయిపోయిందనుకుంటారు.

రెండు మూడు రోజులకి "నో గ్రోత్" అని రిపోర్టు వెళ్తుంది, ఇంట్లోవాళ్ళు హమ్మయ్య ఏం లేదంట అనుకుంటారు. బ్యాక్టీరియా పెరగలేదని తప్ప దానికి ఇంకో అర్థం లేదండీ, ముందే యాంటీబయాటిక్ వాడినా అలాగే వస్తుంది. తర్వాత ఇంకో యాంటీబయాటిక్, అదీ పనిచేయకపోతే టీబీ మందులు. మన దగ్గర టీబీ ఎక్కువే కాబట్టి అనుమానించడం తప్పు కాదు, ముక్క పరీక్ష (బయాప్సీ) చేయకుండా నెలల తరబడి మందులు మింగించడమే తప్పు.

ఇన్ఫెక్షన్ అనుకున్నదాన్ని బయాప్సీకీ, ట్యూమర్ అనుకున్నదాన్ని కల్చర్‌కీ పంపమని ఎముకల డాక్టర్లలో పాత మాటే ఉంది. కావాల్సింది రెండు సీసాలు. ముక్క పాడవకుండా ఉంచే మందు ఫార్మలిన్ పోసింది బయాప్సీకి, ఏమీ పోయని స్టెరైల్ సీసా కల్చర్‌కి. మొత్తం ఫార్మలిన్‌లోనే వేసి పంపితే క్రిములు చచ్చిపోతాయి, ఇక మేం పెంచడానికి ఏం మిగలదు.

స్కానింగ్‌లోనే ట్యూమర్ అనుమానం వస్తే మాత్రం ఊళ్ళో కత్తి పెట్టించొద్దు. బయాప్సీ సూది వెళ్ళిన దారిని కూడా తర్వాత ఆపరేషన్‌లో గడ్డతోపాటు తీసేయాల్సి రావచ్చు, అందుకే ఆపరేషన్ చేసే టీమే బయాప్సీ చేయాలి, తప్పు చోట కోస్తే దక్కాల్సిన కాలు పోవచ్చు. హైదరాబాద్ ఎంఎన్‌జే లాంటి క్యాన్సర్ ఆసుపత్రికి నేరుగా వెళ్ళడం మేలు. గుంటూరు, విజయవాడల్లో ఎముక బయాప్సీలు ఎక్కడ చేస్తారో, ఎవరు చూస్తారో మీ జిల్లా పేజీలో ఒకసారి వేయండి సార్.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్, తెనాలి