బోర్డు నడిపిన వార్తలతో పాటు, దాన్ని ఆపే సంగతి కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

కుర్రాళ్లు ఇంట్లో తయారుచేసిన బండ్ల గురించి మీ పేపర్లో వేస్తుంటారు, చాలా సంతోషం, నేను వదలకుండా చదువుతాను. కానీ అవి ఎలా ఆగుతాయో ఎక్కడా ఉండదు, అందుకే ఈ ఉత్తరం.

వేసవి సెలవుల్లో డిప్లొమా చదివే మా మేనల్లుడూ నేనూ కలిసి సెల్ఫ్ బ్యాలెన్సింగ్ బోర్డు చేశాం, అంటే మీద నిలబడితే పడిపోకుండా తనే నిలదొక్కుకునే చక్రాల బండి. పాడైన హోవర్‌బోర్డులోంచి (కంపెనీలు చేసే ఇలాంటి బండే) మోటార్లు విప్పి, ప్లైవుడ్ చెక్కకి బిగించి, కోఠీలో కొన్న ఆర్డునో (ప్రోగ్రాం నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు), ఎంత ఒరిగిందో చెప్పే ఎంపీయూ 6050 సెన్సర్ పెట్టాం. చిన్నప్పుడు అరచేతిలో కర్ర నిలబెట్టి ఆడేవాళ్లం కదా, కర్ర ఎటు ఒరిగితే చెయ్యి అటు పరిగెత్తేది, ఇదీ అదే ఆట, మనిషి ముందుకి ఒరిగితే చక్రాలు ముందుకెళ్లి అతని కిందకి చేరతాయి. 2001లో సెగ్వే అనే రెండు చక్రాల బండిని చూసి ప్రపంచం ఆశ్చర్యపోయింది, ఇవాళ ఆ సూత్రం మా వరండాలో పనిచేస్తుంటే నాకు కళ్లు చెమర్చాయి నిజంగా.

మూడో రోజు సెన్సర్ వైరు ఒకటి లూజయింది. ప్రోగ్రాం అక్కడే బిగుసుకుపోయింది, బోర్డు ఇంకా ముందుకి ఒరిగే ఉన్నట్టు మోటార్లు తిరుగుతూనే ఉన్నాయి, పిల్లాడు దూకేశాడు గానీ మోకాలు చీరుకుపోయింది, బోర్డు వెళ్లి గేటుని గుద్దింది. ఆ సమయానికి రోడ్డు మీద ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ వదల్లేదు. తర్వాత వాచ్‌డాగ్ టైమర్ (ప్రోగ్రాం బిగుసుకుపోతే దాన్ని మళ్లీ మొదలుపెట్టించేది) ఆన్ చేశాం, వైర్లన్నీ సోల్డర్ చేశాం, పాదం కింద స్విచ్ పెట్టాం, కాలు తీస్తే కరెంటు కట్.

ఇంకోటి, స్పీడు పెంచాలని పిల్లలకి ఆశ ఉంటుంది. కానీ మోటారు పూర్తి స్పీడులో ఉన్నప్పుడు పడబోయే మనిషిని నిలబెట్టడానికి దాంట్లో ఇంక శక్తి మిగలదు, బోర్డు ముందు భాగం నేలకి కొట్టుకుంటుంది, అందుకే మేము సగం దగ్గరే ఆపేశాం. బ్యాటరీ అయితే మరీ జాగ్రత్త, 10 లిథియం సెల్స్ సిరీస్‌లో పెడితే ఫుల్ చార్జిలో 42 వోల్టులు, బీఎంఎస్ (సెల్స్ ఎక్కువ చార్జి కాకుండా కాపాడే సర్క్యూట్) లేకుండా చార్జి పెట్టి పడుకోకూడదు. ప్యాక్‌లు వేడెక్కి అంటుకుంటున్నాయని 2016లో అమెరికాలో ఏకంగా 5 లక్షల హోవర్‌బోర్డులు వెనక్కి రప్పించారు, అవి కంపెనీలు చేసినవే.

మీ విద్యార్థుల పేజీలో ఈ స్విచ్ గురించి, బీఎంఎస్ గురించి బొమ్మతో సహా ఒక్కసారి వేయండి. మా వైరింగ్ ఫొటోలు పంపమంటే వెంటనే పంపిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఉప్పల్, హైదరాబాద్